కాకినాడలో మా పాప నర్సరీ: చేతులకి ఫుల్ మార్కులు, తెలుగుకి పాస్ మార్కులే

మా పాప వెళ్తున్న నర్సరీ ఎలా ఉందని మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు, హాస్పిటల్లో ఒక సిస్టరు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసేస్తున్నాను. స్కూలు పేరు మాత్రం రాయను. పాప ఇంకా అక్కడే చదువుతోంది, ఇందులో కొన్ని మాటలు వాళ్ళకి రుచించవు. ఊరు కాకినాడ, భానుగుడి సెంటర్ నుంచి స్కూటీ మీద వెళ్ళేంత దూరం. తెలిసినవాళ్ళు ఫోన్ చేస్తే పేరు చెప్తాను.

చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ళ కోసం ముందే తేల్చేస్తున్నా. పిల్లల చేతులకి పని చెప్పడంలో ఈ స్కూలు నిజంగా బాగుంది. తెలుగు విషయంలో బాగాలేదు. రాత విషయంలో డిసెంబరు దాకా బాగుంది, సంక్రాంతి సెలవులయ్యాక చెడింది. ఖర్చు చెప్పినదానికంటే ఎక్కువే అవుతుంది. ఆయమ్మకి నూటికి నూరు.

నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. స్కూళ్ళ గురించి నీకేం తెలుసని మా ఆడపడుచు అడిగింది కూడా. టీచర్ ట్రైనింగ్ చెయ్యలేదు, నిజమే. కానీ పిల్లల మణికట్లు, మోచేతులు, వాళ్ళు మింగేసిన రూపాయి బిళ్ళలు రోజూ చూసే ఉద్యోగం నాది. అందుకని నర్సరీ క్లాసులోకి వెళ్తే గోడల మీద బొమ్మల కంటే ముందు పిల్లల వేళ్ళు ఏం చేస్తున్నాయో చూస్తాను. ఈ రివ్యూ కూడా ఆ వరసలోనే ఉంటుంది.

చేర్చేముందు వేరే స్కూళ్ళు కూడా తిరిగాం. ఒకచోట బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో మాంటిస్సోరి అని ఉంది. లోపల అద్దాల బీరువాలో పింక్ టవర్ కనిపించింది. అంటే పది గులాబీరంగు చెక్క ఘనాలు. అన్నిటికంటే చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది సెంటీమీటర్లు. పెద్దది కింద పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి. ఆ బీరువాకి తాళం వేసి ఉంది. "పిల్లలకిస్తే పారేస్తారండీ, ఎవరైనా చూడ్డానికి వచ్చినప్పుడు తీస్తాం" అన్నారు ఆఫీసులో ఆవిడ. ఇలాంటి వస్తువులతో పిల్లలకి నేర్పే పద్ధతి తెచ్చిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చారు. యుద్ధం మూలాన 1946 దాకా మన దేశంలోనే ఉండి, టీచర్లకి శిక్షణ ఇచ్చారు. అప్పట్లో మన కాకినాడ కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోదే. ఇప్పుడు ఆ పేరు బోర్డు మీద రాయించుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మన రాష్ట్రంలో పదో తరగతి దాకా నడిచే మామూలు స్కూళ్ళకీ అదే పేరు కనిపిస్తుంది. కాబట్టి బోర్డు సంగతి వదిలేసి బీరువా తాళం చూడండి.

ఇంకోచోట నర్సరీకే బెంచీలు వేశారు. పిల్లల కాళ్ళు నేలకి అందడం లేదు. అక్కడ ఫీజు కూడా అడగకుండా వచ్చేశాం.

ఇప్పుడు పాప వెళ్తున్న స్కూల్లో బెంచీలు లేవు. చాపలు, నడుమెత్తు అరలు, అరల్లో ట్రేలు. అరలకి తలుపులే లేవు. పిల్ల తన చాప తనే పరుచుకుని, ట్రే తెచ్చుకుని, పని అయ్యాక మళ్ళీ ఎక్కడ తీసిందో అక్కడ పెట్టాలి. క్లాసులో ఇరవై రెండు మంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయమ్మ. 2013లో వచ్చిన జాతీయ బాల్య విద్యా విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇరవై మందికి ఒకరుండాలి. ఆయమ్మని లెక్కేసుకుంటే సరిపోయినట్టే. నా లెక్కలో ఆయమ్మ ఉంది, ఎందుకో తర్వాత చెప్తాను.

టైమింగ్స్ తొమ్మిదింబావు నుంచి పన్నెండున్నర. ప్రార్థన, పాటలు, గుండ్రంగా కూర్చుని కబుర్లు, ట్రేల పని, స్నాక్స్, ఇసుకలో ఆట, కథ, ఇంటికి. ఉద్యోగాలు చేసే తల్లులకి ఈ టైమింగ్ ఇబ్బందే, నాకూ ఇబ్బందే. మా అత్తగారు ఉన్నారు కాబట్టి నడుస్తోంది. మధ్యాహ్నం మూడున్నర దాకా ఉంచుకునే డే కేర్ ఉంది, దానికి వేరే ఫీజు. మూడేళ్ళ పిల్లకి అంతసేపు అక్కర్లేదని మేం తీసుకోలేదు.

ట్రేల పని ఏమిటో ఆగస్టులో కళ్ళారా చూశాను. తల్లిదండ్రులు క్లాసులో వెనకాల కూర్చుని చూడొచ్చని పిలిచారు. షరతు ఒక్కటే, మాట్లాడకూడదు, పిల్లని పిలవకూడదు. మా పాప ముందు రెండు స్టీలు గిన్నెలు, ఒక స్పూను. ఎడమ గిన్నెలో శనగలు. వాటిని స్పూనుతో కుడి గిన్నెలోకి మార్చాలి, అంతే పని. మొదటి రెండు స్పూన్లు బానే వెళ్ళాయి. మూడోది గిన్నె అంచుకి తగిలి శనగలన్నీ చాప మీద పడ్డాయి. నేను లేవబోయి ఆగాను. టీచరు చూసింది, కదల్లేదు. పాప కాసేపు చుట్టూ చూసింది. ఎవరూ రావడం లేదని అర్థమయ్యాక స్పూను పక్కన పెట్టి ఒక్కొక్క శనగా బొటనవేలు, చూపుడువేలితో ఏరడం మొదలుపెట్టింది. ఒకటి జారింది. మళ్ళీ పట్టుకుంది. చాప అల్లికలో ఇరుక్కున్నదాన్ని గోటితో పైకి లేపింది. నాలుక కొంచెం బయటికి పెట్టి, ఊపిరి బిగబట్టి. అన్నీ ఏరడానికి చాలాసేపే పట్టింది, ఈలోపు పక్క పిల్లాడు రెండు ట్రేలు మార్చేశాడు. పాపని ఎవరూ తొందరపెట్టలేదు. అసలు పాఠం ఆ పడిపోయిన శనగల్లోనే ఉందని నాకు అక్కడ కూర్చున్నప్పుడు అర్థమైంది. స్పూను పట్టుకోవడం సగం పనే. రెండు వేళ్ళతో చిన్న వస్తువు పట్టుకోవడం రేపు పెన్సిలు పట్టుకోవడానికి కావలసిన పని.

ఇంటికొచ్చి చెప్తే మా అత్తగారు నవ్వారు. "ఇంత ఫీజు కట్టించుకుని శనగలేరిస్తున్నారా? ఆ పనేదో నేనే చెప్పేదాన్ని కదే, బియ్యంలో మట్టిగడ్డలు ఏరమని!" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. వాళ్ళ తరంలో పిల్లలు చిక్కుడుకాయలు ఈనెలు తీసేవాళ్ళు, చింతపండు గింజలు తీసేవాళ్ళు, దీపాలకి వత్తులు చేసేవాళ్ళు. మా ఇంట్లో బియ్యం శుభ్రంగా ప్యాకెట్లో వస్తాయి, చింతపండు గింజ లేకుండా వస్తుంది. ఆ పనులు ఇంట్లో పోయాయి కాబట్టి స్కూల్లో డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాం. ఆ మాట ఒప్పుకుంటే ఈ ఫీజు మీద నాకు బాధ లేదు.

దసరా సెలవుల లోపు పట్టకారుతో రాజ్మా గింజలు పట్టుకోవడం, బట్టల క్లిప్పులు అట్టకి పెట్టడం, పెద్ద పూసలు దారానికి ఎక్కించడం, డబ్బాల మూతలు తిప్పడం, చిన్న జగ్గుతో నీళ్ళు ఒలికించకుండా గ్లాసులో పోయడం అయ్యాయి. తర్వాత పాత న్యూస్‌పేపర్లు చింపి, ఆ ముక్కలు చేప బొమ్మ మీద అంటించడం. పసుపు కలిపిన గోధుమపిండి ముద్దతో పాములు, ఉండలు చేయడం. చొక్కా గుండీలు పెట్టడం, తీయడం. పాప ఒక గౌను గుండీలు తనే పెట్టుకుంటుంది, ఎప్పుడూ ఒకటి పైకీ కిందకీ మారుతుంది, సరిచేస్తే ఊరుకోదు. అరటిపండు తనే వొలుచుకుంటుంది, ఉడికించిన గుడ్డు పెంకు తనే తీస్తుంది. దీనికో సైడ్ ఎఫెక్ట్ కూడా ఉంది. మూతలు తిప్పడం వచ్చేసింది కాబట్టి మా ఇంట్లో మందుల డబ్బా, ఫినాయిల్ సీసా పై అరలోకి ఎక్కాయి. పిల్లలు ఇలాంటి స్కూల్లో చేరితే మీరూ ఆ పని ముందే చేసుకోండి.

చేతుల గురించి ఇంతగా ఎందుకు రాస్తున్నానంటే నా డ్యూటీలో ఒక ఎక్స్‌రే ఉంటుంది, బోన్ ఏజ్ అంటాం. పిల్ల ఎదుగుదల మీద డాక్టరుకి అనుమానం వస్తే ఎడమ చెయ్యి, మణికట్టు తీయమంటారు. పెద్దవాళ్ళ మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు కనిపిస్తాయి. మూడేళ్ళ పిల్లలది తీస్తే వాటిలో రెండో మూడో కనిపిస్తాయి, మిగతాచోట ఖాళీ. నిజానికి ఖాళీ కాదు, అక్కడ ఇంకా మృదులాస్థి ఉంది, అది ఎక్స్‌రేలో పడదు. అలాగని నర్సరీలో పెన్సిలు పట్టుకుంటే ఎముకలు పాడైపోతాయని ఏ డాక్టరూ చెప్పరు, నేనూ చెప్పడం లేదు. ఎముక దానంతటది గట్టిపడుతుంది. వేళ్ళ పట్టు మాత్రం పని చేస్తేనే వస్తుంది. పట్టు రాకముందే పుస్తకం ఇస్తే పిల్ల పెన్సిలుని పిడికిలితో పట్టుకుని భుజంతో రాస్తుంది. ఆ అలవాటు తర్వాత మాన్పించడం కష్టం.

ఈ స్కూల్లో మొదటి ఆరు నెలలు రాత అంతా రవ్వలోనే. అంచున్న పళ్ళెంలో పల్చగా బొంబాయి రవ్వ పోసి, వేలితో నిలువు గీత, అడ్డ గీత, ఏటవాలు గీత, సగం చంద్రుడు గీయిస్తారు. వాళ్ళు స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్ అంటారు, పాప ఇంట్లో సోఫా మీద పడుకుని "నేను స్లీపింగ్ లైన్" అంటుంది. పళ్ళెం ఊపితే గీత పోతుంది, మళ్ళీ గీయొచ్చు. అక్షరాభ్యాసంలో బియ్యంలో వేలు పట్టుకుని దిద్దించిన పనే ఇది. ఆ రోజు ఒక్కసారి దిద్దించి ఫొటోలు దిగి వదిలేస్తాం, వీళ్ళు రోజూ చేయిస్తున్నారు. గోడకి కింద మూడడుగుల మేర నల్లరంగు వేసి సుద్దముక్కలు ఇస్తారు. ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా సుద్దే.

లెక్కలు కూడా నాకు నచ్చాయి. యాభై దాకా చదివించడం లేదు. మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టిస్తారు, "నాలుగు పూసలు తీసుకురా" అని పంపిస్తారు. నాలుగో పూస తీశాక ఆగడమే అక్కడ కష్టం. మొదట్లో పిల్లలు గుప్పెడు తెచ్చేస్తారట. ఇప్పుడు మా పాప ఏడు దాకా తప్పు లేకుండా తెస్తుంది. ఎనిమిది తెమ్మంటే ఎన్ని వస్తే అన్ని.

ఇక నా ఉద్యోగం బుద్ధి చూపించిన విషయం. పూసలంటే నాకు భయం. చేర్చిన వారంలోనే వెళ్ళి పూసల సైజు చూపించమన్నాను. పెద్దవే, పిల్లల నోట్లో పట్టనంత. బాగుంది. వాయించే బొమ్మ ఒకటి ఉంది, దాని బ్యాటరీ మూతకి స్క్రూ పోయి టేపు వేశారు. లోపల గుండ్రటి బటన్ బ్యాటరీలు. వాటి సంగతి చాలామందికి తెలియదు. పిల్ల రూపాయి మింగితే చాలాసార్లు విరేచనంలో దానంతటదే బయటికి వెళ్ళిపోతుంది. బటన్ బ్యాటరీ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలడం మొదలవుతుంది. ఎక్స్‌రేలో నాణేనికి అంచు ఒకటే గీత, బ్యాటరీకి అంచులో ఇంకో వలయం కనిపిస్తుంది. ఆ రెండో వలయం కనిపిస్తే మా డిపార్ట్‌మెంట్‌లో అందరం పరుగు పెడతాం. ఇదంతా ప్రిన్సిపల్ మేడమ్‌కి చెప్తే, ఆవిడ వాదించలేదు. ఆ బొమ్మ అప్పుడే తీసి ఆఫీసులో పెట్టేశారు, తర్వాత స్క్రూ వేయించారు. ఆ ఒక్క విషయంలో ఆవిడ మీద గౌరవం పెరిగింది.

వేరుశనక్కాయల దగ్గర కూడా చిన్న మాట నడిచింది. ఉడకబెట్టిన కాయలు పిల్లలతో వొలిపిస్తారు, వేళ్ళకి మంచి పని. కానీ మూడేళ్ళ పిల్లలు గింజ నోట్లో వేసుకుని నవ్వుతూ పరుగెత్తితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గింజ ఎక్స్‌రేలో కనపడదు కూడా, పక్కన ఊపిరితిత్తి తేడాని బట్టి డాక్టర్లు ఊహించాలి. ఇప్పుడు వొలవడం వరకే, గింజలు గిన్నెలోకి పోతాయి, టీచరు ముందు కూర్చుని ఉంటుంది. స్నాక్స్‌లో పల్లీలు పెట్టాలంటే పొడి చేసో ఉండ చేసో పంపాలి. ద్రాక్షపళ్ళు నిలువుగా కోసి పంపమని డైరీలో రాశారు. ఈ రూలు చదివి మొదటిసారి ఒక స్కూలు డైరీ మీద ప్రేమ కలిగింది.

స్నాక్స్ గురించి అడిగారు కాబట్టి: చిప్స్ ప్యాకెట్లు, క్రీమ్ బిస్కెట్లు పంపితే తిప్పి పంపేస్తారు. ఇడ్లీ, పండు, ఉడికిన చిలకడదుంప, సున్నుండ నడుస్తాయి. మా పాప కంటే మా ఆయనకే ఈ రూలు కష్టంగా ఉంది.

ఇక కోపాలు.

మొదటిది తెలుగు. ఇంగ్లీషు మీడియం అని తెలిసే చేర్చాం, దాని మీద ఫిర్యాదు లేదు. కానీ మూడేళ్ళ పిల్ల బాత్రూమ్‌కి వెళ్ళడానికి కూడా ఇంగ్లీషు వాక్యం చెప్పాలని రూలు పెట్టారు. "మే ఐ గో టు టాయిలెట్ మేడమ్" అనాలి. మా పాపకి వచ్చింది "ఒంటికి" అనే మాట ఒక్కటే. జూలైలో ఒకరోజు ఆ వాక్యం నోరు తిరగక, ఏమీ అనకుండా చాప మీద కూర్చుండిపోయి తడిపేసుకుంది. తడి బట్టలు క్యారీ బ్యాగులో కట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి మా అత్తగారికి కూడా చెప్పలేదు, ఆ కవరు మంచం కింద దాచింది. మర్నాడు నేను డ్యూటీ మార్చుకుని వెళ్ళాను. గట్టిగా అరవలేదు గానీ, నెమ్మదిగా కూడా మాట్లాడలేదు. "పిల్లలకి అలవాటవుతుందని పెట్టాం మేడమ్" అన్నారు. అలవాటు తర్వాత చేయండి, ముందు పంపండి అన్నాను. ఇప్పుడు చిటికెనవేలు చూపిస్తే చాలు పంపిస్తున్నారు. ఇరవై రెండు మంది తల్లుల్లో ఈ మాట అడగాల్సి వచ్చింది నేనొక్కదాన్నే కావడం నాకు ఆశ్చర్యమనిపించింది, తర్వాత ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి "మా వాడికీ అదే అయిందండీ" అన్నారు.

కథలు కూడా ఇంగ్లీషులోనే చెప్తారు. టీచరు బొమ్మ చూపిస్తుంది, వాక్యం చదువుతుంది, పిల్లలు బొమ్మ చూస్తారు. ఆగస్టులో నేను వెనకాల కూర్చున్న రోజు ఒక పిల్లాడు లేచి "టీచర్, మా ఇంట్లో పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది, ఒకటి నల్లది" అని మొదలుపెట్టాడు. "ఇంగ్లీష్, ఇంగ్లీష్" అంది టీచరు. వాడు కూర్చున్నాడు. నల్లపిల్లి సంగతి అక్కడితో ఆగిపోయింది. 2022 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన ఫౌండేషనల్ స్టేజ్ పాఠ్య ప్రణాళికలో, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి వీలైనంతవరకు ఇంటి భాషలోనే నేర్పాలని స్పష్టంగా ఉంది. ఆ పత్రం ముందు పేజీ ప్రింటు తీసి ఈ స్కూలు రిసెప్షన్‌లో ఫ్రేము కట్టి పెట్టారు! ఎవరూ లోపల పేజీలు తిప్పినట్టు లేదు.

ఇక్కడ మా అమ్మగారి ఊరి అంగన్‌వాడీ గురించి ఒక్క మాట. పిఠాపురం వైపు చిన్న ఊరు. వేసవిలో వెళ్ళినప్పుడు పాపని రెండు పూటలు అక్కడ కూర్చోబెట్టాను. మంచి ఆట వస్తువులు తక్కువ, గది ఇరుకు. కానీ అంగన్‌వాడీ టీచరుగారు తెలుగులో పాట అందుకుంటే పిల్లలు పళ్ళెం మీద దరువేస్తూ పాడారు. ఒక్కరు కూడా నోరు మూసుకుని లేరు. పాలు, గుడ్డు పెట్టారు. 1975లో అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచి పల్లెల్లో నర్సరీ అంటే ఇదే, మనం టౌన్లో దాన్ని గుడ్డు ఇచ్చే చోటుగా తీసిపారేస్తాం. ఆ టీచరుగారిని ఈ చాపలు, ట్రేల మధ్య కూర్చోబెడితే నాకు కావలసిన స్కూలు తయారవుతుంది.

రెండో కోపం, అసలు కోపం, నోటుపుస్తకం. సంక్రాంతి సెలవులయ్యాక క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పక్క స్కూల్లో నర్సరీ పిల్లలు ఏ నుంచి జెడ్ దాకా రాసేస్తున్నారని, ఒకటి నుంచి యాభై కూడా రాస్తున్నారని, ఒక తండ్రి ఫొటోతో పెట్టారు. సాయంత్రానికి గ్రూపంతా అదే. "మనవాళ్ళు ఇంకా రవ్వలోనే ఉన్నారు", "ఎల్‌కేజీలో ఎలా అండీ", "టెన్షన్‌గా ఉంది". పది రోజుల్లో నాలుగు గీతల పుస్తకం వచ్చింది. హోమ్‌వర్కు వచ్చింది, రోజూ ఒక పేజీ. రవ్వ పళ్ళేలు పై అరలోకి వెళ్ళిపోయాయి. ట్రేల పని గంట నుంచి అరగంటకి తగ్గింది.

పాప మొదటి పేజీ నా దగ్గర ఉంది. పెద్ద ఎల్ అక్షరం ఒక వరస. మొదటి మూడు ఎల్‌లా ఉన్నాయి. నాలుగో దాని కాలు గీత దాటింది. తర్వాతవి పెన్సిలు నొక్కి నొక్కి కాగితం వెనకవైపు తేలాయి. చివర రెండింటి చోట చిరుగు. రాస్తున్నప్పుడు చూశాను, నాలుగు వేళ్ళూ పెన్సిలు చుట్టూ బిగించి, మోచెయ్యి గాల్లోకి లేపి. ఆరు నెలల పాటు శనగలతో, పూసలతో సాధించిన పట్టు ఆ పేజీ ముందు ఎటో పోయింది.

రిసెప్షన్‌లో ఫ్రేము కట్టిన ఆ పాఠ్య ప్రణాళికలోనే మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి పాఠ్యపుస్తకాలు పెట్టొద్దని, పరీక్షలు అసలు తగవని ఉంది. పేరెంట్స్ మీటింగులో అది చదివి వినిపించాను. ప్రిన్సిపల్ మేడమ్ అంతా విని, "మీరు చెప్పింది కరెక్టే మేడమ్. కానీ మీరొక్కరు వద్దంటున్నారు, మిగతావాళ్ళంతా కావాలంటున్నారు. రాయించకపోతే ఎల్‌కేజీకి టీసీ తీసుకెళ్ళిపోతారు. నేనేం చెయ్యను?" అన్నారు. ఆవిడ నిజాయితీ నాకు నచ్చింది, జవాబు నచ్చలేదు. ఈ తప్పులో సగం స్కూలుది, సగం మా గ్రూపుది. స్కూలు సగానికే మార్కులు కోస్తున్నాను.

చివరికి మా పాప వరకు ఒక ఒప్పందం కుదిరింది. అందరూ పుస్తకంలో రాసేటప్పుడు తను గోడ మీద సుద్దతో రాయొచ్చు. ఇంటికి హోమ్‌వర్కు వస్తే "గోడ మీద చేసింది" అని రాసి సంతకం పెడతాను. వారం నడిచింది. తర్వాత పాపే "నాకూ బుక్కు కావాలి, అందరికీ స్టార్ పెడుతున్నారు" అని ఏడ్చింది. ఇప్పుడు ఒక వరస పుస్తకంలో, మిగతాది గోడ మీద. టీచరు గోడ మీద కూడా స్టార్ వేస్తోంది.

డబ్బు సంగతి. ఏడాదికి 34,000, మూడు టర్ముల్లో. అది ముందే చెప్పారు. చెప్పనివి: బుక్స్ కిట్ 4,500, అందులో తొమ్మిది పుస్తకాలు, నాలుగింటి మీద ఇంకా గీత కూడా పడలేదు. రెడ్ డే, ఎల్లో డే, గ్రీన్ డే అని రంగురంగుల రోజులు, ఆ రంగు బట్టలు లేకపోతే పిల్ల మొహం చిన్నబోతుంది, కొంటాం. కృష్ణాష్టమికి గోపిక వేషం అద్దె. యాన్యువల్ డేకి డ్రెస్, మేకప్ 1,200, పాప స్టేజి మీద ఒక్క నిమిషం నిలబడి, చెవులు మూసుకుని దిగిపోయింది. కమ్యూనిటీ హెల్పర్స్ అని ప్రాజెక్టు ఇస్తే థర్మకోల్‌తో పోస్టాఫీసు మా ఆయన కట్టారు, ఫస్ట్ ప్రైజు ఆయనకే వచ్చినట్టు లెక్క. వీటన్నిటికంటే రైతుబజారుకి తీసుకెళ్ళిన రోజు బాగుంది. పైసా ఖర్చు లేదు. ప్రతి పిల్లా పది రూపాయలిచ్చి ఏదో ఒకటి కొనాలి. పాప కాకరకాయలు తెచ్చింది. వండితే తనే కొంది కాబట్టి ఒక ముక్క తిని, మిగతాది నాన్నకి దానం చేసింది.

ఆయమ్మ. వయసు యాభై దాటి ఉంటుంది. పిల్లల పేర్లే కాదు, ఎవరు ఏ చేత్తో తింటారో, ఎవరికి ఏడుపు ముందు పెదవి వణుకుతుందో ఆవిడకి తెలుసు. పాప ఎడమచేతి వాటమేమో అని నాకు అనుమానం వచ్చేలోపే, "అమ్మా, పాప స్పూను ఎడం చేత్తో పడుతోంది, మార్పించకండి, టీచరుకి కూడా చెప్పాను" అంది. చాలామంది చదువుకున్నవాళ్ళు ఆ చెయ్యి మీద దెబ్బ వేస్తారు. జూలైలో పాప తడిపేసుకున్న రోజు కూడా, మిగతా పిల్లలు చూడకుండా చీర కొంగు అడ్డం పెట్టి బట్టలు మార్చింది ఆవిడే. మొదటి నెల పిల్లలంతా గుమ్మం దగ్గర ఏడుస్తుంటే, ఒకరిని చంకలో, ఒకరిని చేత్తో పట్టుకుని తెలుగులోనే ఊరుకోబెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు రూలు వర్తించదు కాబట్టి, ఆ క్లాసులో పిల్లలు మనసు విప్పి మాట్లాడేది ఆవిడతోనే. నల్లపిల్లి సంగతి ఆ పిల్లాడు ఆవిడకే పూర్తిగా చెప్పి ఉంటాడు. జీతం ఎంతిస్తున్నారో అడిగితే నవ్వి ఊరుకుంది.

ఎల్‌కేజీకి ఇక్కడే ఉంచుతున్నాం. మొదటి టర్ము ఫీజు కట్టేశాం. కట్టేముందు రెండు విషయాలు అడిగాను. వారానికి రెండు కథలు తెలుగులో చెప్పాలి, ట్రేల పని మళ్ళీ గంటకి తేవాలి. మొదటిదానికి సరే అన్నారు, ఆ కథలు ఆయమ్మ చేత చెప్పిస్తామన్నారు. రెండోదానికి "చూద్దాం మేడమ్" అన్నారు.

మీ పిల్లలు నర్సరీలోనే ఏబీసీడీలు రాసెయ్యాలి అనుకుంటే ఈ స్కూలు మీకు పనికిరాదు, ఆ పక్క స్కూలే మేలు. చేర్చాలనుకునేవాళ్ళు ఫిబ్రవరిలో కనుక్కోండి, అడ్మిషన్లు అప్పుడే మొదలవుతాయి. పదిన్నర వేళ వెళ్తే ట్రేల పని జరుగుతూ ఉంటుంది. ఆఫీసులో బ్రోషర్ చేతిలో పెట్టి పంపబోతారు, క్లాసు చూస్తామని అడగండి, చూపిస్తారు. బాత్రూములు కూడా చూడండి, కమోడ్లు చిన్నవే, శుభ్రంగానే ఉన్నాయి. స్కూటీ మాత్రం సందు మొదట్లోనే ఆపుకోండి, పన్నెండున్నరకి అక్కడ ఆటోలు తిరగడానికే చోటుండదు.